అప్‌డేట్: శిల్పం నిలబడింది, తుప్పు నీళ్లే ఏడిపించాయి

అంతర్జాతీయ కళోత్సవంలో ఆరుబయట 5 మీటర్ల స్మారక శిల్పం పెడుతున్నా, కార్టెన్ స్టీల్ (పైన పట్టే తుప్పు పొరే లోపలి లోహాన్ని కాపాడే ఉక్కు) రేకులు గాలికి ఆగుతాయా అని మొన్న అడిగాను కదా. ఆగాయి.

"ముందు పునాది చూసుకో" అన్నవాళ్లకు దండం. గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుందని ఇంజనీరు లెక్కేసి చూపించేదాకా నాకు తలకెక్కలేదు. కాంక్రీటుకు అనుకున్న బలం రావాలంటే 28 రోజులు, మా చేతిలో ఉన్నవి పది. అందుకే ముందే పోసి గట్టిపడిన దిమ్మలు తెప్పించి బోల్టులు బిగించాం.

అసలు టెన్షన్ వాన పడ్డాక మొదలైంది. కార్టెన్ తడిసి ఆరుతూ ఉంటేనే పైన గట్టి పొర కడుతుంది. కానీ కింది మడతలో నీళ్లు నిలిచిపోయాయి. అవి కారి తెల్లరాతి పీఠం మీద నారింజ చారలు! డ్రిల్లు తెచ్చి మడతలో చిల్లులు పెట్టాం. చారలు మాత్రం పూర్తిగా పోలేదు. పీఠానికి తెల్లరాయి ఎంచుకున్న తెలివి నాదే.

రేకుల్లో కోసిన పేర్లలో తన తమ్ముడి పేరును ఒక పెద్దావిడ వేలితో తడిమారు. వేలికి తుప్పు అంటింది. గుడ్డ ఇవ్వబోతే వద్దన్నారు.