మరీనా హెర్లోప్ పాటలో వినిపించేవి మన జతులేనా?

ప్రశ్న:
బార్సిలోనా గాయని మరీనా హెర్లోప్ పాడిన ‘మియు’ అనే పాటను గత వారం అనుకోకుండా విన్నాను, అప్పటి నుంచి రోజుకు రెండుసార్లయినా వింటున్నాను. ఒకే గొంతును పొరలు పొరలుగా పేర్చి, పలుకులను అక్షరాలుగా తుంచి చల్లినట్టుండే ఆ పాటలో, కూచిపూడి నేర్పే మా గురువుగారు తట్టుకర్రతో తాళం వేస్తూ చెప్పే జతులు వినిపించాయి. ఇది నా భ్రమేనా? ఆమె పాడే భాష ఏది? మిగతా పాటలను ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
భ్రమ కాదండీ, ఆమె గానం మీద కర్ణాటక సంగీత ప్రభావం ఉంది. ఆమె మాతృభాష కాటలాన్ అయినా, చాలా పాటల్లో ఏ భాషా ఉండదు. నోటికి నప్పే శబ్దాలను కల్పించుకుని పాడతారు. శాస్త్రీయ పియానో నేర్చుకున్న మనిషి కాబట్టి, ‘నానూక్’ (2016), ‘బబాషా’ (2018) ఆల్బమ్‌లు ప్రధానంగా పియానో, గొంతు మీదే నడుస్తాయి. కంప్యూటర్‌ను గట్టిగా వాడుకున్నది 2022లో బెర్లిన్‌కు చెందిన పాన్ సంస్థ విడుదల చేసిన ‘ప్రిప్యత్’లో, ‘మియు’ అందులోదే. అక్కడే మొదలుపెట్టి, 2023 నాటి ‘నెక్కుజా’ విన్నాక పాతవాటికి వెళ్లండి. ఫోన్ స్పీకరులో మాత్రం వినకండి, సగం పొరలు మాయమవుతాయి.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట. దీన్ని కర్ణాటక సంగీతమని పిలిస్తే ఆమెకూ, ఆ సంగీతానికీ అన్యాయమే, ఎందుకంటే ఇందులో రాగాలాపన గాని, మన పద్ధతిలో స్వరాన్ని ఊపే గమకాలు గాని లేవు. ఆమె తీసుకున్నది కొన్నక్కోలు వైపు నుంచి, అంటే మృదంగపు పలుకులను నోటితో చెప్పే విద్య నుంచి. మూడక్షరాల లెక్కకు తకిట, నాలుగుకు తకధిమి, ఐదుకు తకతకిట అని పలికేటప్పుడు ఆ మాటలకు అర్థం అడగం, లెక్క తప్పలేదా అని మాత్రమే చూస్తాం. నాట్య కచేరీల చివర వచ్చే తిల్లానాలో అవే పలుకులు రాగంలో ఒదిగిపోతాయి. అర్థంలేని అక్షరాలతో పాట నిలబడటం మనకు కొత్త కాదు గనుకనే మీ చెవి వెంటనే పట్టింది. అయితే ఆ పలుకులను పాశ్చాత్య హార్మొనీలో, అంటే వేర్వేరు స్వరాలు ఒకేసారి పలికేలా, ఒకదానిపై ఒకటి పేర్చడం ఆమె సొంతం, నాకు నచ్చినదీ అదే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న క్లాసు అయ్యాక పాటను గురువుగారికి వినిపించాను. కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ విన్నారు, ఒకచోట చెయ్యి ఆగిపోయింది, “ఆ ముక్క మళ్లీ పెట్టమ్మా” అన్నారు.