శనివారం రాత్రి రెస్టారెంట్, ఆదివారం తెల్లారకుండానే లాంగ్ రన్: రెండూ కుదిరే దారుందా?

బొమ్మూరు టీచరమ్మ

అందరికీ నమస్కారమండి. మాది రాజమండ్రి పక్కన బొమ్మూరు. స్కూల్లో లెక్కలు చెబుతాను. వయసు 41, బరువు 62 కేజీలు. ఈ ఏడాది చివర్లో వైజాగ్‌లో హాఫ్ మారథాన్‌కి పేరిచ్చాను. అంటే 21.1 కిలోమీటర్లు. నిరుడు ఇదే రోజుల్లో స్కూల్లో మూడో అంతస్తుకి ఎక్కితే బోర్డు ముందు రెండు నిమిషాలు ఆయాసం తీర్చుకునేదాన్ని, కాబట్టి నాకిది చిన్న విషయం కాదు.

వారానికి ఐదు రోజులు పరుగు, మొత్తం 40 కిలోమీటర్ల పైమాటే. ఆదివారం లాంగ్ రన్. మా సైన్స్ మేడం, నేను, ఇంకో ఇద్దరు కలిసి తెల్లవారుజామున నాలుగున్నరకి ధవళేశ్వరంలో మొదలుపెట్టి, కాలవ రోడ్డు పట్టుకుని వేమగిరి మీదుగా కడియపులంక వైపు వెళ్లి వస్తాం. ఎత్తుపల్లాలు లేని రోడ్డు, పక్కన నీళ్లు, నర్సరీలు. పరుగుతో నాకే ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా తిండితోనే.

మా ఇంట్లో శనివారం రాత్రి పొయ్యి వెలగదు. పెళ్లయిన కొత్తలో కుదుర్చుకున్న ఒప్పందం అది. మోరంపూడి నుంచి వేమగిరి దాకా హైవే పక్కన ఈ మధ్య ఎన్ని ఫ్యామిలీ రెస్టారెంట్లు వచ్చాయో ఇటువైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. కారు పెట్టుకోవడానికి చోటు, పిల్లలకి ఉయ్యాల, ఏసీ హాలు. మా ఆయనకి వారమంతా ఎదురుచూసే రెండు గంటలు అవి. పిల్లలకీ అంతే. నిజం చెప్పొద్దూ, నాకూ అంతే.

నెల కిందట అలాగే ఓ చోటికి వెళ్లాం. అపోలో ఫిష్, చిల్లీ చికెన్, ఫ్రై పీస్ బిర్యానీ, మా అత్తగారి కోసం గోంగూర మటన్, చివర్లో ఐస్‌క్రీం. చేతులు కడుక్కునేసరికి రాత్రి పదింపావు. పొద్దున్న 16 కిలోమీటర్ల పరుగు. పదకొండో కిలోమీటరు దగ్గర కడుపులో గోదారి పోటెత్తింది. ఓ నర్సరీ గేటు తట్టి కాపలా ఉన్న పెద్దాయన్ని బతిమాలాను. గులాబీ కుండీల వెనక బాత్రూమ్ తాళం తీశాడు, చల్లగా ఉండాలి. మొహమాటానికి రెండు మందార మొక్కలు కొన్నాను. అవి పట్టుకుని పరిగెత్తలేక సాయంత్రం స్కూటీ మీద వెళ్లి తెచ్చుకున్నాను.

ఆ సిగ్గుతో మూడు వారాలు హోటల్ మానేశాను. అన్నం కూడా మానేశాను. పొద్దున్న ఓట్స్, మధ్యాహ్నం పుల్కాలు, రాత్రి ఉడకబెట్టిన గుడ్లు, కీరా ముక్కలు. వాళ్లు రెస్టారెంట్‌కి వెళ్తే నేను డబ్బా పట్టుకెళ్లి ఎదురుగా కూర్చున్నాను. దానికంటే వెళ్లకపోవడమే నయం. ఇంతా చేస్తే మొన్నటి ఆదివారం 14 దగ్గర కాళ్లు బరువెక్కి, చేతులు వణికి, చివరి రెండు కిలోమీటర్లూ నడిచాను. మా చిన్నది వాళ్ల నాన్నతో "అమ్మ పరిగెత్తడం మొదలెట్టాక అరుపులు ఎక్కువయ్యాయి" అంటుంటే విన్నాను.

రెస్టారెంట్ మానకుండా, అరుపులు పెరగకుండా, నర్సరీ గేట్లు తట్టకుండా శిక్షణ పూర్తి చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అక్కడ ఏం చెప్పుకుంటే మేలు? మిగతా రోజుల్లో స్కూలు నుంచి వచ్చాక వంటకి నా చేతిలో ఉండేది అరగంట. డైట్ చార్టులు వద్దండి, నా దగ్గర ఏడున్నాయి.

భీమవరం సైకిల్

మేడం గారూ, మీ ఆర్డర్‌లో తప్పు లేదు, వారంలోనే ఉంది. ఆ రెస్టారెంట్‌ని శనివారం రాత్రి నుంచి ఆదివారం మధ్యాహ్నానికి జరపండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

నేను 200 కిలోమీటర్ల సైకిల్ రైడ్లు చేస్తాను. పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. మొదటిసారి ముందురోజు రాత్రి రొయ్యల ఫ్రై దట్టించి వెళ్లి తణుకు దాటకుండానే రోడ్డు పక్కన కూలబడ్డాను. నూనె ఎక్కువైన తిండి కడుపులోంచి త్వరగా కదలదు. పైగా మనం గట్టిగా శ్రమ పడుతున్నంతసేపూ రక్తం కాళ్ల కండరాలకి మళ్లుతుంది, అరుగుదలకి వంతు తగ్గుతుంది. దానికి పరుగులో కుదుపు తోడు. మీకు పదకొండో కిలోమీటరు దాకా ఆగడమే గొప్ప.

రెండోసారి అన్నం మానేశానన్నారే, అది ఇంకా పెద్ద తప్పు. లెక్కల టీచరు కాబట్టి లెక్కే చెబుతాను. పరుగులో సుమారుగా కేజీ బరువుకి, కిలోమీటరుకి ఒక కేలరీ ఖర్చు. 62 కేజీలు, 16 కిలోమీటర్లు అంటే దగ్గర దగ్గర వెయ్యి. అది చాలావరకు కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం లోంచి రావాలి. మీరు వారమంతా కీరా ముక్కలు దాచుకున్నారు.

శనివారం రాత్రి ఎనిమిది లోపు అన్నం, ముద్దపప్పు, కాస్త నెయ్యి, పెరుగు. అంతే. ఆవకాయ ఆ ఒక్క పూటకి పక్కన పెట్టండి. పొద్దున్న బయల్దేరే ముందు ఒకటో రెండో చక్కెరకేళీలు. రావులపాలెం అంత దగ్గర పెట్టుకుని అరటిపండుకి మొహం వాచాల్సిన పని లేదు కదా. గంట దాటే పరుగైతే దారిలో రెండు ఖర్జూరాలో, చిన్న బెల్లం ముక్కో. పూతరేకులు మాత్రం ప్రయత్నించకండి. అందులో పంచదారే కదా అని జేబులో వేసుకెళ్లాను. చెమటకి తడిసి, నెయ్యి కారి, జెర్సీకి వారం రోజులు చీమలు.

ఇక ఆదివారం మధ్యాహ్నం రెస్టారెంట్‌లో కూడా పులుసు వైపు మొగ్గండి. చేపల పులుసు, తెల్లన్నం, పప్పు, పెరుగు. స్టార్టర్లలో తందూరీ పర్వాలేదు. పిండిలో ముంచి వేయించి, మళ్లీ సాస్‌లో తిప్పినవి ఒక్క ప్లేట్ చెప్పి అందరూ పంచుకోండి. బిర్యానీ తినండి. అప్పటికి మీరు సంపాదించుకున్నదే అది.

జిమ్ తమ్ముడు

అక్కా, బయట తిండి విషం. అన్నం ఇంకా విషం. నేను ఏడాదిగా హోటల్ గడప తొక్కలేదు. ప్రోటీన్ పౌడర్, చికెన్ బ్రెస్ట్, బ్రోకలీ. కావాలంటే పౌడర్ డిస్కౌంట్‌లో ఇప్పిస్తాను.

రిటైర్డ్ పీఈటీ, రామచంద్రపురం

తమ్ముడూ, నువ్వు ఎంత దూరం పరిగెడతావో చెప్పలేదు.

టీచరమ్మా, 34 ఏళ్లు పిల్లల్ని గ్రౌండ్ చుట్టూ తిప్పినవాణ్ని. మా కబడ్డీ పిల్లలు చాలామందికి పొద్దున్న చద్దన్నం, ఉల్లిపాయ, ఉప్పేసిన మజ్జిగ. అది తిని మధ్యాహ్నం దాకా కూతకెళ్లేవాళ్లు. అందులో మంత్రం ఏమీ లేదు. అన్నం, నీళ్లు, ఉప్పు. మన డెల్టా ఉక్కలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, ఇంకా కారుతుంది. మీరంతా తిండి గురించే మాట్లాడుతున్నారు గానీ ఆ అమ్మాయి చేతులు వణకడంలో ఉప్పూ నీళ్ల వాటా కూడా ఉండొచ్చు.

ఒక పని చెయ్యమ్మా. ఆదివారం పరుగుకి ముందు, తర్వాత బరువు చూసుకో. కేజీ తగ్గితే సుమారు లీటరు నీళ్లు పోయినట్టు. అది కొవ్వు కరిగిందని మురిసిపోవద్దు. వచ్చాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు గుక్కగుక్కగా తాగు. బీపీ ఉంటే మాత్రం ఉప్పు సంగతి డాక్టరుని అడిగి చెయ్యి.

ఆ పెద్దాయనకి ఓ స్వీటు పొట్లం ఇచ్చావా మరి?

పాలకొల్లు వంటిల్లు

నేను అరగంట వంట సంగతి చెబుతానండి. మా అబ్బాయి బ్యాడ్మింటన్ ఆడతాడు. సాత్విక్ సాయిరాజ్ మన అమలాపురం నుంచి వెళ్లి 2023 ఆసియా క్రీడల్లో డబుల్స్ బంగారం గెలిచాక మా వాడికి ఆకలి ఇంకా పెరిగింది. సాయంత్రం ఏడుకి ఇంట్లోకి వస్తూనే "ఏముంది?" అంటాడు. మంచినీళ్లు కూడా తర్వాతే.

మా ఇంట్లో ఎక్కువసార్లు నడిచేది తోటకూర పప్పు. కందిపప్పు పొద్దున్నే నీళ్లలో వేసి వెళ్లండి, సాయంత్రం కుక్కర్‌లో మూడు కూతలకే మెత్తబడుతుంది. పక్క కుక్కర్‌లో అన్నం. అన్నానికి చేతులు కడుక్కునేలోగా నాలుగు గుడ్లు ఉడికితే, ఉల్లిపాయ, చింతపండు రసం, కాస్త బెల్లంతో గుడ్ల పులుసు. గుడ్డుకి ఆరు గ్రాముల ప్రోటీన్. శిక్షణలో ఉన్నవాళ్లకి కేజీ బరువుకి రోజుకి 1.2 నుంచి 1.6 గ్రాములు అంటారు, అంటే మీకు 75 నుంచి 100 దాకా. పప్పు, పెరుగు, గుడ్లు, చేప కలిస్తే పౌడర్ లేకుండానే అక్కడికి చేరతారు.

రొయ్యలు ఆదివారం తెచ్చుకుని ఒలిచి, ఉప్పూ పసుపూ వేసి నీరు ఇగిరేదాకా మగ్గబెట్టి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. బుధవారం ఆనపకాయ ముక్కలతో కలిపి వండితే పావుగంట. రొయ్య ఎక్కువసేపు ఉడికితే రబ్బరవుతుంది, కాబట్టి కాయ మెత్తబడ్డాకే వెయ్యాలి. దింపేముందు కొత్తిమీర. నూనె రెండు చెంచాలు దాటదు. ఇదే కూర హోటల్లో తింటే గిన్నె అంచున నూనె వలయం కనిపిస్తుంది, చూశారా?

మినప రొట్టె ఇంకా సుఖం. ఇడ్లీ పిండి ఉంటే చాలు. మందపాటి మూకుడులో చెంచాడు నూనె రాసి, పిండి దిట్టంగా పోసి, మూత పెట్టి, సన్నసెగ మీద వదిలేసి స్నానానికి వెళ్లండి. వచ్చేసరికి అడుగు ఎర్రగా, పైన దూదిలా ఉంటుంది. పరుగు అయ్యాక తినడానికి దీన్ని మించింది నాకు తెలీదు, తేనెపాకంతోనో కొబ్బరి పచ్చడితోనో. పెసరట్టు ఉప్మా మాత్రం పరుగుకి ముందు వద్దు. అది తిన్నాక మంచం మీద పరిగెత్తాలి.

బొమ్మూరు టీచరమ్మ

మూడు వారాలకి మళ్లీ వచ్చాను. అందరికీ పేరుపేరునా థాంక్సండి. తమ్ముడూ, పౌడర్ వద్దు గానీ బ్రోకలీ బొమ్మూరులో ఎక్కడ దొరుకుతుందో చెప్పు, మా సైన్స్ మేడం అడుగుతున్నారు.

ఒప్పందం మార్చడానికి ఇంట్లో చిన్నపాటి చర్చలు జరిగాయి. శనివారం రాత్రి వంట చేసేది మా ఆయన అని తేలింది. ముద్దపప్పు ఒకసారి మాడింది, తర్వాత కుదిరింది. ఆదివారం మధ్యాహ్నం రెస్టారెంట్‌లో జనం ఎక్కువ, ముప్పావుగంట బయట కుర్చీల్లో కూర్చోవాలి. మా ఆయనకి అదొక్కటే కోపం. కానీ పన్నెండున్నరకి దమ్ తీసిన బిర్యానీకీ, రాత్రి పది గంటల బిర్యానీకీ ఉన్న తేడా ఆయనే కనిపెట్టారు. ఇప్పుడు పన్నెండుకే హారన్ కొడుతున్నారు.

మాస్టారూ, బరువు చూసుకున్నాను. మొదటి ఆదివారం కేజీన్నర తేడా! నీళ్ల సీసా పట్టుకెళ్లడం బరువని మానేసేదాన్ని, అదీ నా తెలివి. ఇప్పుడు చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలిపి తీసుకెళ్తున్నాను. పెద్దాయనకి తాపేశ్వరం కాజాలు ఇచ్చాను. "మళ్లీ ఏమైనా అవసరం పడిందామ్మా?" అన్నాడు.

గత ఆదివారం 18 కిలోమీటర్లు, ఎక్కడా నడవలేదు. అది కూడా కాలవ రోడ్డు మీద కాదు. పైన వానలకి గోదారి ఎగదన్నింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మట్టం 11.75 అడుగులు దాటగానే మొదటి హెచ్చరిక వేశారు. అటు జనం వరద చూడటానికి ఎగబడుతుంటే పరిగెత్తే వీలేది? మా కాలనీ చుట్టూ పదిహేడు రౌండ్లు. పన్నెండో రౌండుకి కుక్కలు కూడా మొరగడం మానేశాయి.

ఈ వరదతో పాటే ఇంకో టెన్షన్ వచ్చింది. సముద్రంలోంచి ఇలసలు ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చి పులసలవుతాయి కదా. మా ఆయన బాకీ వసూలు చేసినట్టు ఎవర్నో పట్టుకుని శనివారం మధ్యాహ్నానికి ఒకటి తెచ్చారు. ధర చెప్పను, మా అత్తగారికి ఇంకా తెలీదు. ఆవిడ కట్టెల పొయ్యి వెలిగించి, మట్టి చట్టిలో బెండకాయలు వేసి, సాయంత్రం దాకా సన్నసెగ మీద పులుసు కాచారు. వీధి వీధంతా వాసన. రేపు 18 కిలోమీటర్లు, ఎదురుగా పులస. భీమవరం గారూ, మీ మాట గుర్తుచేసుకుంటూ ముద్దపప్పు అన్నం ముందు దిగాలుగా కూర్చున్నాను.

మా అత్తగారు నా మొహం చూసి, చట్టి మీద మూత పెట్టి, పైన ఓ బరువు కూడా పెట్టేశారు. "ఈ రాత్రి ఎవరూ ముట్టుకోడానికి లేదు. పులస పులుసు మర్నాటికి గానీ ఊరదు. రేపు ఇది పరిగెత్తి వచ్చాకే వడ్డన" అన్నారు. మా ఆయన రాత్రి రెండుసార్లు వంటింట్లోకి వెళ్లొచ్చారు. పొద్దున్న నేను వచ్చేసరికి మూత మీద బరువు అలాగే ఉంది గానీ, తోక ముక్క లేదు.