అమ్మ కిడ్నీ ఇప్పుడే ఇయ్యాల్నా, దాచిపెట్టుకోవాల్నా?

ఆదోని మేనమామ:
మా అక్క కొడుక్కి 11 ఏండ్లు. పుట్టుకతోనే మూత్రనాళంలో అడ్డుపొర. పసిబిడ్డప్పుడే ఆపరేషన్ చేసి తీసినారు, అయినా కిడ్నీలు రెండూ నిలబడలేదు. ఇప్పుడు కర్నూలులో వారానికి మూడుసార్లు డయాలసిస్. అక్క నాది ఇస్తానంటాంది. వాళ్ల జేజి, అంటే మా బావ తల్లి, 58 ఏండ్ల మనిషి, "ముందు నాది తీసుకోండి, వానికి ఎట్లాగూ ఇంకోసారి కావాల్సొస్తాది, అప్పటికి అమ్మది ఉంటాది" అంటాంది. ఇంట్లో రెండు జట్లయినాయి. నేనిస్తానంటే, అవయవ మార్పిడి చట్టం రాసిన దగ్గరి బంధువుల్లో మేనమామ లేడంట, కమిటీ అనుమతి కావాలంట. చెవులు కుట్టించేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామే, కిడ్నీకి మాత్రం పరాయోడు! మీరేమంటారు?

నంద్యాల సారు:
జేజి మాటలో లెక్కుంది అన్నా. బతికున్నవాళ్లు ఇచ్చిన కిడ్నీ అయినా సగటున 15–20 ఏండ్లే అంటారు. పిల్లోడికి ముప్పై వచ్చేసరికి మళ్లా మొదటికొస్తాది. అప్పుడు జేజి ఇయ్యలేదు, అమ్మ ఇయ్యొచ్చు. ఆ చట్టానికి 2011లో చేసిన సవరణలో అవ్వాతాతల్ని దగ్గరి బంధువుల్లో చేర్చింది ఇట్లాంటి ఇండ్ల కోసమే కదా. ఉన్న అవకాశం ఎందుకు వదులుకోవాల?

డయాలసిస్ సిస్టర్, కర్నూలు:
సారూ, మీరు ఏండ్లు లెక్కేసినారు, మ్యాచింగ్ లెక్కెయ్యలేదు. ఒళ్లు తనదో పరాయిదో పోల్చుకునే గుర్తుల్ని హెచ్‌ఎల్‌ఏ అంటారు. అమ్మతో బిడ్డకు హెచ్‌ఎల్‌ఏ సగం కలవడం ఖాయం. జేజితో ఆ సగం కలిసే అవకాశం సగమే, అసలు కలవకనూ పోవచ్చు. మ్యాచ్ కాని కిడ్నీ పెట్టి, అది పోతే, ఒంట్లో పరాయి కిడ్నీని ఎదిరించే యాంటీబాడీలు మిగిలిపోతాయి. ఆ తర్వాత రెండోది దొరకడమే కష్టమైతాది. ఒక్కోసారి దాచిపెట్టుకున్న అమ్మ కిడ్నీ కూడా పనికిరాకుండా పోతాది. ఇంకోమాట, అడ్డుపొర పిల్లల్లో చాలామందికి మూత్రసంచి గట్టిపడిపోయి ఉంటాది. అది సరిచూడకుండా ఎవరి కిడ్నీ పెట్టినా దెబ్బతినొచ్చు. ముందు ఆ పరీక్షలు అయినాయా?

అనంతపురం అక్క:
అమ్మ, జేజి... నాయన ఏం చేస్తాండో ఒక్కరూ అడగరే! మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడోళ్లే. మ్యాచింగ్ సగం అంటే నాయనతోనూ సగమే కదా సిస్టర్?

డయాలసిస్ సిస్టర్, కర్నూలు:
అవునక్కా, అంతే సగం.

ఆదోని మేనమామ:
బావకు షుగరు. పరీక్షల ముందే వద్దన్నారు. మూత్రసంచి పరీక్ష రాసిచ్చినారు, ఇంకా చేయించలేదు.

కడప పీజీ:
పిల్లల కిడ్నీల మీద జీవితమంతా పనిచేసిన రిచర్డ్ ఫైన్ అనే అమెరికా డాక్టరు గురించి చెప్తాను, ఈ చర్చకు పనికొస్తుంది. 1960ల మొదట్లో సియాటిల్‌లో డయాలసిస్ మిషన్లు తక్కువ. ఎవరికియ్యాలో ఒక కమిటీ తేల్చేది. అది పిల్లల్ని లెక్కలోకే తీసుకోలేదు. అదే దశాబ్దం చివరికి ఫైన్ లాస్ ఏంజెలెస్ పిల్లల ఆసుపత్రిలో చిన్నపిల్లలకు డయాలసిస్ చేశాడు, కిడ్నీ మార్పిడి చేయించాడు. బతికించడం కుదిరాక ఆయన దృష్టి ఎత్తు మీదికి మళ్లింది. కిడ్నీ జబ్బు పిల్లలు పొట్టిగా ఉండిపోతారు. గ్రోత్ హార్మోన్ ఇస్తే పెరుగుతారని చూపించిన 1994 అధ్యయనంలో ఆయనది మొదటి పేరు. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమనిపించేది 1978లో కోర్ష్, నెగ్రెటెలతో కలిసి రాసిన పేపరు. మార్పిడి అయిన పిల్లల్లో కొందరు, ముఖ్యంగా టీనేజీ ఆడపిల్లలు, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోజూ వాడే మందులు మానేసి కిడ్నీ పోగొట్టుకున్నారు. స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బుతుందని. కిడ్నీ ఎవరిదన్నది అక్కడ అక్కరకు రాలేదు.
మీవాడికి 11. రెండుమూడేళ్లలో మీసం మొలిచే వయసు. మాత్రలు తానే మింగుతానంటాడు, స్నేహితుల ముందు మింగనంటాడు. అందుకని నేనైతే మొదట జేజిది అంటాను. ఆ వయసులో పోతే అమ్మది ఇంకా చేతిలో ఉంటుంది.

డయాలసిస్ సిస్టర్, కర్నూలు:
డాక్టరు గారూ, మీరు చెప్పిన పేపరుతోనే నేను అటుదిక్కు పోతా. మందులు మానేస్తాడని ముందే అనుకుని తక్కువ మ్యాచ్‌ది పెడితే, మానేసినప్పుడు ఇంకా తొందరగా పోతాది. మందులు మానేస్తే రిజెక్షన్, అంటే ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టడం, అమ్మ కిడ్నీ అయినా జేజి కిడ్నీ అయినా వదలదు. మా దగ్గరికి మళ్లా మిషన్ మీదికొచ్చే పిల్లల్ని చూస్తాంటా. వాళ్లకు లోటయింది మంచి కిడ్నీ కాదు. ఆదోని నుంచి కర్నూలుకు పొద్దున్నే వచ్చి, మాత్ర వేసుకోకముందే, రిజెక్షన్ రాకుండా వాడే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంతుందో చూసే లెవెల్ పరీక్షకు రక్తం ఇచ్చే ఓపిక. బస్సులో వస్తా అలవాటుగా మాత్ర మింగేసి వస్తారు, లెవెల్ ఎక్కువ చూపిస్తాది, డోసు తగ్గిస్తారు. కిడ్నీ పోవడం అక్కడ మొదలైతాది.

నంద్యాల సారు:
ఇది నాకు తట్టలేదు సిస్టర్. అయినా జేజి మ్యాచ్ అయితే ఏమంటారు?

డయాలసిస్ సిస్టర్, కర్నూలు:
జేజికి బీపీ లేకుంటే, ఆ సగం కలిస్తే, అప్పుడు నేనూ ఆలోచిస్తా. అన్నా, ముగ్గురి రక్తం ఒకేసారి పంపించండి. మూత్రసంచి పరీక్ష మాత్రం ఈ నెలలోనే చేయించండి.

ఆదోని మేనమామ:
ముగ్గురిదా? మూడోది ఎవరిది సిస్టర్?

డయాలసిస్ సిస్టర్, కర్నూలు:
పిల్లోడిదన్నా.