సమస్యాపూరణం: గోడ మీద విరిసెఁ గొలని కలువ

సంచాలకుడు: మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

గోడ మీద విరిసెఁ గొలని కలువ

కొలనులో పూయాల్సిన కలువ గోడ మీద ఎలా పూసిందన్నదే చిక్కు. ఫ్రాన్సు అంటే ప్రాణం పెట్టేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి పూరణ అక్కడి కళ చుట్టూనే తిరగాలి. నా మనసులో ఉన్నది పారిస్‌లోని ఒరాంజరీ మ్యూజియం. త్యుయిలరీ తోటలోని నారింజ చెట్లను చలికాలంలో కాపాడుకోవడానికి 1852లో కట్టిన భవనం అది, ఇప్పుడు అందులో కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రెండు గదుల నిండా క్లాద్ మోనే గీసిన కలువల కొలను ఉంది. ఎనిమిది చిత్రాలు, సుమారు 2 మీటర్ల ఎత్తు, కాన్వాసును ఏకంగా గోడకే అతికించేశారు. 1918 నవంబరులో యుద్ధం ఆగిన మర్నాడే మోనే తన స్నేహితుడు, అప్పటి ప్రధాని క్లెమెన్సోకి ఉత్తరం రాసి చిత్రాలు దేశానికి ఇస్తానన్నాడు. 1926 డిసెంబరులో కన్నుమూశాడు, 1927 మేలో గదులు తెరిచారు. తన పూల ముందు జనం నిలబడడం ఆయన చూడనే లేదు, నాకు ఎప్పుడు తలుచుకున్నా మనసు బరువెక్కే సంగతి ఇది.

కోనసీమ కుర్రాడు: గురువుగారూ, నా ప్రయత్నం.

కంటఁ బొరలు కమ్మఁ గదలక కూర్చుండి
కుంచె విడువఁడయ్యెఁ గొన్ని యేండ్లు
పారిసునకు వచ్చి పరికించు వారికి
గోడ మీద విరిసెఁ గొలని కలువ

ఛందోబంధువు: గణాలు, యతులు అన్నీ కుదిరాయి. కంటిపొరల సంగతి తేవడం చాలా బాగుంది, 1912లో శుక్లాలున్నాయని డాక్టర్లు చెప్పినా 1923 దాకా ఆపరేషన్ చేయించుకోకుండా గీస్తూనే ఉన్నాడు కదా. నా పేచీ ‘కదలక కూర్చుండి’ దగ్గరే. మనిషంత ఎత్తు కాన్వాసు ముందు కదలకుండా కూర్చుంటే కుంచె పైఅంచు దాకా ఎలా అందుతుంది? ఆ పెద్ద చిత్రాల కోసమే 1916లో వేరే స్టూడియో కట్టించుకుని, చక్రాల స్టాండ్ల మీద కాన్వాసులను అటూ ఇటూ జరుపుకుంటూ గీశాడు. తపస్సు అనగానే మనకు కూర్చున్న మునే గుర్తొస్తాడు, ఈయనది నిలబడి చేసిన తపస్సు.

కోనసీమ కుర్రాడు: నిజమేనండి, అది తట్టలేదు. మొదటి పాదం ‘కంటఁ బొరలు కమ్మ గదియంతఁ దిరుగుచు’ అని మారిస్తే?

సంచాలకుడు: భేషుగ్గా ఉంది, అలాగే ఉంచండి.

పారిస్ రిటర్న్: నేను పోయినేడాది వెళ్ళొచ్చాను, అదంతా ఒకే పద్యంలో పెట్టాను.

ఐఫిలెక్కి లూవ్రు నంతయుఁ దిరిగితి
రొట్టె తింటి వెన్న రుచియుఁ గంటి
సీను నదిని బడవ సేదదీరితి నింక
గోడ మీద విరిసెఁ గొలని కలువ

సంచాలకుడు: యతులు చక్కగా పడ్డాయి, ‘ఐ’కి ‘నంతయు’లో ‘అ’ చెల్లుతుంది. కానీ నా మనసులో మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మూడు పాదాలూ ఊళ్ళో చూసినవాటి పట్టీ, నాలుగోది మేమిచ్చిన సమస్య, రెంటికీ మధ్య ‘ఇంక’ అనే ఒక్క మాట తప్ప ఏ లంకే లేదు. లూవ్రులో ప్రదర్శనకు పెట్టినవే దాదాపు 35,000, ‘అంతయుఁ దిరిగితి’ అంటే ఏ ఒక్కదాని ముందూ ఆగలేదనే కదా అర్థం. ఫ్రాన్సును ప్రేమించడమంటే నాకు తెలిసినంతలో ఒక్క బొమ్మ దగ్గర కాళ్ళు నొప్పిపుట్టేదాకా ఆగడం. ఆ గదుల్లోకి వెళ్ళే ఉంటారు. అక్కడ ఏం చూశారో అది రాయండి, రొట్టె, వెన్న ఇంకో పద్యానికి దాచుకోండి.

వెన్నెలపిచ్చి: నాది కొంచెం వేరే దారి.

చందమామ లేని చావడి లోపల
రేయి గాక మున్నె రెండు గదుల
పట్టపగలె చూడఁ బరవశ మయ్యెను
గోడ మీద విరిసెఁ గొలని కలువ

ఛందోబంధువు: కలువ విరియాలంటే చంద్రుడు రావాలన్న మన కవిసమయాన్ని పట్టుకున్నారు, దాంతో సమస్యలో చిక్కు రెండింతలైంది. ఒక్క సంగతి: మోనే ఇల్లున్న జివెర్నీ ఊళ్ళో ఆయన తోట కొలనులోవి పగలు విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకునే రకాలు. ఎరుపు, పసుపు కలువలు ఫ్రాన్సులోనే లతూర్-మార్లియాక్ అనే నర్సరీ ఆయన కొత్తగా పెంచి 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టాడు, మోనే తెప్పించుకున్నది ఆయన దగ్గర్నుంచే.

వెన్నెలపిచ్చి: అయితే పద్యం తప్పా?

సంచాలకుడు: తప్పు కాదమ్మా, తెలుగు పద్యంలోకి వచ్చిన కలువ చంద్రుడి కోసం ఎదురుచూడొచ్చు, ఆ హక్కు మనకు ఎప్పటినుంచో ఉంది. మార్చాల్సింది ‘చావడి లోపల’. వెంటనే ‘రెండు గదుల’ అన్నారు, చోటు ఒకటా రెండా తేలడం లేదు. ‘చక్కని కొలువులో’ అంటే సరిపోతుంది.

యానాం మనవరాలు: 1954 దాకా మా యానాం ఫ్రెంచివాళ్ళ పాలనలోనే ఉంది, మా తాతగారు ఆ బడిలో చదివినవారు, మా ఇంట్లో పొద్దున్న పలకరింపు ఇప్పటికీ ‘బోఁజూర్’. అందుకే ఇలా రాశాను.

యానమందుఁ దాత యాడిన భాష మా
యింట మిగిలె నేఁటి కెంతొ కొంత
దాని వెంట నేఁగఁ దామర లగుపించె
గోడ మీద విరిసెఁ గొలని కలువ

సంచాలకుడు: మొదటి రెండు పాదాలు చదివి కాసేపు ఆగిపోయానమ్మా. చాలా బాగున్నాయి. మూడో పాదంలో మాత్రం తామర వచ్చింది, నాలుగో పాదంలో కలువ ఉంది, రెండూ ఒకటి కావు. తామరాకు కాడ మీద నీళ్ళ పైకి లేచి నిలబడుతుంది, కలువాకు ఒకవైపు చీలికతో నీళ్ళ మీదే పరుచుకుంటుంది. మోనే గీసినవన్నీ నీటికి అంటుకున్న ఆకులే, ఫ్రెంచిలో ఆ చిత్రాల పేరు ‘నేంఫెయా’, అంటే కలువలే.

యానాం మనవరాలు: అయ్యో, యతి కోసం తామర తెచ్చానండి. ‘దాని వెంట నేఁగఁ దలుపులు తీయఁగా’ అంటే?

ఛందోబంధువు: ఇప్పుడు భాష వెంట నడిచి తలుపు దాకా వచ్చినట్టుంది, నాలుగో పాదం దానంతటదే తెరుచుకుంది.

పారిస్ రిటర్న్: సంచాలకులవారు అన్నమాట రెండు రోజులు నలిగింది. ఫోటోలు పక్కన పెట్టి, ఆ గది మధ్యలో బల్ల మీద కూర్చున్నప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకున్నాను. దగ్గరికెళ్తే ఉత్త రంగు ముద్దలే, బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాక నీళ్ళయ్యాయి.

బల్ల మీద నేను పదినిమిషాలుంటి
మబ్బు దాఁటెఁ బైన మడుగు వెలిఁగె
రంగు మరకలన్ని రాలిపోవఁగ నంత
గోడ మీద విరిసెఁ గొలని కలువ

సంచాలకుడు: ఈ వారానికి ఇదే నా పూరణం అనుకుంటాను, ఇంతకంటే నేను రాయలేను. రెండో పాదం ముట్టుకోవద్దు. ఆ గదులకు వెలుతురు పైకప్పు నుంచి రావాలని మోనే పట్టుబట్టాడు. 1960ల్లో పైన ఇంకో అంతస్తు వేసి ఆ వెలుతురు మూసేశారు, 2006లో మళ్ళీ తెరిచేదాకా అక్కడ మబ్బు దాటడం ఎవరికీ తెలిసేది కాదు. ‘రాలిపోవఁగ’ అన్న మాట పూలకు వాడేది, దాన్ని మరకలకు వాడి పువ్వును నిలబెట్టారు.

యానాం మనవరాలు: అన్నయ్యా, మీరు ఏ వేళకు వెళ్ళారు? జనం లేకుండా ఆ బల్ల దొరికిందా?

పారిస్ రిటర్న్: పొద్దున తొమ్మిదింటికమ్మా, తలుపులు తీయగానే.