ల్యాప్‌టాప్ ప్రాసెసర్ స్పీడ్ 0.39 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది, వేడి కూడా లేదు. ఎవరికైనా ఇలా అయిందా?

ఫ్లెక్సీ_ఖమ్మం
నమస్తే అందరికీ. నాది ఐ5-8250యు ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, కొని ఆరేళ్లు దాటింది. ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు డిజైన్ చేసేది దీని మీదే. పది రోజులుగా నరకం చూపిస్తోంది. అక్షరం కొడితే రెండు సెకన్లకు స్క్రీన్ మీద పడుతోంది. ఫోటోషాప్ తెరుచుకునేలోపు సందు చివరికెళ్లి టీ తాగి రావచ్చు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 100 శాతం, స్పీడ్ మాత్రం 0.39 గిగాహెర్ట్జ్. ఎంతసేపు చూసినా ఆ అంకె కదలదు.

వైరస్ అనుకుని స్కాన్ చేశాను, ఏమీ లేదు. విండోస్ ఫార్మాట్ కొట్టాను. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించాను. డబ్బులు పోయాయి తప్ప తేడా లేదు. ఇక్కడ రిపేరు షాపాయన "ప్రాసెసర్ వీకైపోయింది, బోర్డు మార్చాలి, పన్నెండు వేలు" అన్నాడు. సీజన్ మధ్యలో ఉన్నాను, టెన్షన్‌గా ఉంది. ప్రాసెసర్ ముసలిదైతే నిజంగా నెమ్మదిస్తుందా?

చల్లగాలి
ప్రాసెసర్ వేడిని బయటికి లాగడానికి పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది బ్రో. ఆరేళ్లంటే ఫ్యాన్‌లో దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. నాది విప్పితే పిల్లి బొచ్చు వచ్చింది. శుభ్రం చేయించి పేస్ట్ వేస్తే 95 నుంచి 74 డిగ్రీలకు దిగింది.

ఫ్లెక్సీ_ఖమ్మం
పేస్ట్ కూడా వేయించాను అన్నా, రాయడం మర్చిపోయాను. టెంపరేచర్ 46, 48. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు కూడా లేదు.

సోల్డరింగ్_బాబాయ్
0.39 అని చదవగానే సగం విషయం అర్థమైంది తమ్ముడూ. బోర్డు జోలికి పోకు, ఆ పన్నెండు వేలు జేబులోనే ఉంచుకో.

ప్రాసెసర్లు మనుషుల్లా వయసొచ్చి నెమ్మదించవు. బాగుంటే పూర్తి స్పీడుతో నడుస్తాయి, పాడైతే హ్యాంగ్ అవుతాయి, లేదా అసలు ఆన్ కావు. నీ 8250యు మామూలు స్పీడ్ 1.6, పని ఎక్కువైనప్పుడు పరుగెత్తే టర్బోలో 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. దీని అట్టడుగు మెట్టు 400 మెగాహెర్ట్జ్. 100 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను నాలుగుతో గుణిస్తే వచ్చేది అదే, విండోస్‌లో 0.39గా కనిపిస్తుంది. వేడి వల్ల స్పీడు తగ్గితే అంకె ఊగుతూ ఉంటుంది: 2.1, 1.4, మళ్లీ 1.9. పైగా టెంపరేచర్ 90 దాటి ఉంటుంది, ఈ చిప్‌కు హద్దు 100 డిగ్రీలు. నీది 48 దగ్గర చల్లగా కూర్చుని, అట్టడుగుకు అతుక్కుపోయింది. అంటే ఎవరో తొక్కిపట్టారు.

ప్రాసెసర్ కాళ్లలో, అంటే పిన్నుల్లో, ప్రోక్‌హాట్ అని ఒకటి ఉంటుంది. 'ప్రాసెసర్ హాట్' అన్నదాన్ని కుదించి పెట్టిన పేరు. నేను వేడెక్కానని ప్రాసెసర్ బోర్డుకు చెప్పడానికి పెట్టిన కాలు అది. తర్వాత దాన్ని రెండు వైపులా పనిచేసేలా చేశారు, అదే బీడీ ప్రోక్‌హాట్, బీడీ అంటే బై-డైరెక్షనల్. ఇప్పుడు బోర్డు మీద ఎవరైనా ఆ లైన్ వోల్టేజీని సున్నాకు లాగితే చాలు, ప్రాసెసర్ స్పీడు దింపేసుకుంటుంది. ఆర్టీసీ బస్సులో బెల్లు తాడు గుర్తుందా? ఎవరు లాగినా డ్రైవర్ ఆపేస్తాడు. లాగింది కండక్టరా, వెనక సీట్లో పిల్లాడా అన్నది ఆయనకు అనవసరం.

మా షాపుకొచ్చే ల్యాప్‌టాప్‌లలో ఈ తాడు లాగేది ఎక్కువగా చార్జింగ్ సర్క్యూటే. తర్వాత బ్యాటరీ. అరుదుగా ప్రాసెసర్‌కు కరెంటిచ్చే వీఆర్‌ఎం పక్కన ఉండే వేడి సెన్సర్.

ముందు ఒక పని చెయ్యి. చార్జర్ పీకేసి, బ్యాటరీ మీద ఆన్ చేసి స్పీడ్ ఎంతుందో చెప్పు.

ఫ్లెక్సీ_ఖమ్మం
బాబాయ్!! చార్జర్ తీస్తే 3.1! ఫోటోషాప్ టక్కున తెరుచుకుంది. మళ్లీ గుచ్చాను, మూడు సెకన్లలో 0.39. నాలుగుసార్లు చేసి చూశాను, నాలుగుసార్లూ అంతే. కానీ బ్యాటరీ గంట కూడా ఆగదు.

సోల్డరింగ్_బాబాయ్
చార్జర్ ఈమధ్య మార్చావా? ఆన్ చేసినప్పుడు ఏదైనా మెసేజ్ వస్తోందా?

ఫ్లెక్సీ_ఖమ్మం
పాతదాని వైరు మా బుడ్డోడు కుర్చీ కాలి కింద పెట్టి నలిపేశాడు. 650 పెట్టి కొత్తది కొన్నాను. అవును, ఆన్ చేయగానే అడాప్టర్ ఏ రకమో తెలియడం లేదని ఇంగ్లిష్‌లో ఏదో వస్తుంది. ఎఫ్1 కొట్టి ముందుకెళ్తున్నాను. అది ముఖ్యమని అనుకోలేదు.

చల్లగాలి
😂 పది రోజుల నుంచి రోజూ ల్యాప్‌టాపే చెబుతోంది కదయ్యా.

సోల్డరింగ్_బాబాయ్
నవ్వకండి, నా దగ్గరికొచ్చే పది మందిలో ఎనిమిది మంది ఆ ఎఫ్1 బ్యాచే.

కొన్ని కంపెనీల చార్జర్ పిన్నులో మధ్యన సన్నని సూది ఉంటుంది. అది కరెంటుకు కాదు. చార్జర్ లోపలి చిన్న చిప్పు 'నేను 65 వాట్లు' అని చెప్పేది ఆ సూది ద్వారానే. 19.5 వోల్టులు, 3.34 ఆంప్‌లు, గుణిస్తే 65. చాలా డూప్లికేట్ చార్జర్లలో ఆ చిప్పు ఉండదు, ఉన్నా సరిగ్గా పలకదు. అప్పుడు ల్యాప్‌టాప్‌కు అవతల ఉన్నది ఎన్ని వాట్లదో తెలియదు. ఎక్కువ లాగితే చార్జర్ కాలిపోతుందేమోనని బ్యాటరీ చార్జింగ్ ఆపేసి, ప్రోక్‌హాట్ తాడు లాగేస్తుంది. జాగ్రత్త కోసం పెట్టిన ఏర్పాటే, కాకపోతే కారణం సరిగ్గా చెప్పదు.

పాచ్_మాస్టర్
ఇంత కథెందుకు? థ్రాటిల్‌స్టాప్ అనే విండోస్ సాఫ్ట్‌వేర్ దించుకో, మొదటి విండోలో బీడీ ప్రోక్‌హాట్ పక్కన టిక్ తీసెయ్. అయిపోయింది. రెండేళ్లుగా నేను అలాగే వాడుతున్నా.

సోల్డరింగ్_బాబాయ్
టిక్ తీస్తే స్పీడొస్తుంది, కాదనను. దానికంటే ముందు అందులోనే లిమిట్స్ అనే బటన్ నొక్కి చూడమను. ఇప్పుడు పట్టుకున్న కారణం ఎర్రగా, ఇంతకుముందు ఎప్పుడో పట్టుకుంది పసుపు రంగులో కనిపిస్తుంది. బీడీ ప్రోక్‌హాట్ ఎర్రగా ఉంటే మనం అనుకున్నదే. పీఎల్1 ఎర్రగా ఉంటే అది వాట్ల పరిమితి, ఆ కథ వేరు.

టిక్ తీశాక కూడా ప్రాసెసర్ తన సొంత వేడిని తాను చూసుకుంటుంది, అందులో భయం లేదు. పోయేది బయటివాళ్ల అరుపు. వీఆర్‌ఎం నిజంగా మాడుతున్నా, చార్జర్ నిజంగా 45 వాట్లదే అయినా ఇక చెప్పే దారి ఉండదు. పాచ్ మాస్టరూ, నీ చార్జర్ మంచిదై, సూది మాత్రమే పోయి ఉంటే రెండేళ్లు కాదు నాలుగేళ్లు నడుస్తుంది. 650 రూపాయల డూప్లికేట్ మీద అలా చేయమని నేనైతే చెప్పను.

కెర్నల్_కాఫీ
లినక్స్‌లో ఎవరైనా ఉంటే నా అనుభవం. గేట్ పరీక్షకు చదివేటప్పుడు రిజిస్టర్లంటే కాగితం మీది గళ్లే అనుకునేవాణ్ణి, ఇది చేశాకే బుర్రకెక్కింది.

ప్రాసెసర్ లోపలి సెట్టింగులుండే రిజిస్టర్లను ఎంఎస్‌ఆర్ అంటారు. ఎంఎస్‌ఆర్ టూల్స్ ఇన్‌స్టాల్ చేసి, ఎంఎస్‌ఆర్ మాడ్యూల్ లోడ్ చేస్తే వాటిని చదవొచ్చు, రాయొచ్చు. హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కలో, 19సి నంబరు రిజిస్టర్ వేడి సంగతి చెబుతుంది. దాని సున్నా బిట్టు 1 అయితే ప్రాసెసర్ తనే వేడెక్కింది. రెండో బిట్టు (సున్నా, ఒకటి, రెండు అని లెక్కపెడితే) 1 అయితే బయటివాళ్లెవరో ప్రోక్‌హాట్ లాగుతున్నారు. నాకు సున్నా బిట్టు 0, రెండో బిట్టు 1. దోషి బయటే ఉన్నాడని అక్కడే తేలిపోయింది.

ఆ మాట వినాలా వద్దా అన్నది 1ఎఫ్‌సి రిజిస్టర్‌లోని సున్నా బిట్టు. నాకు చదివితే 2సి005డి అని వచ్చింది. చివరి డి అంటే 13, బైనరీలో 1101, అంటే ఆఖరి బిట్టు 1. దాన్ని సున్నా చేస్తే 1100, అంటే 12, అంటే సి. 2సి005సి అని తిరిగి రాశాను, ఫ్యాన్ వెంటనే లేచింది. నా అంకెనే మీరూ కొట్టకండి. మీది చదివి, చివరి బిట్టు మాత్రమే మార్చి రాయండి. మిగతా బిట్లకు వేరే పనులున్నాయి.

బయోస్‌లో సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, లినక్స్ వేసుకునే తాళం (కెర్నల్ లాక్‌డౌన్) వల్ల రాయనివ్వకపోవచ్చు. మూత వేసి తెరిస్తే నాకు మళ్లీ 1 అయిపోయేది, అందుకని నిద్ర లేవగానే రాసేలా చిన్న సర్వీస్ పెట్టుకున్నాను.

చల్లగాలి
నిద్ర లేచేది ల్యాప్‌టాపా నువ్వా?

కెర్నల్_కాఫీ
ల్యాప్‌టాపే. నేను పదింటికి గానీ లేవను.

డల్లాస్_రాత్రి
నాకు ఇది యూఎస్‌బీ-సి డాక్‌తో అయింది, అంటే ఒకే వైరుతో చార్జింగ్, మానిటర్ అన్నీ కలిపే పెట్టె. ల్యాప్‌టాప్‌తో వచ్చిన చార్జర్ 130 వాట్లు, నేను కొన్న డాక్ ఇచ్చేది 60. బ్యాటరీ నిండుగా ఉన్నంతసేపు బాగానే నడిచేది. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేయగానే ప్రాణం పోయినట్టు అయ్యేది. నెట్ స్లో అనుకుని రౌటర్ కూడా మార్చాను. మా తమ్ముడు ఫోన్‌లో "డాక్ తీసి చూడన్నా" అనేదాకా తట్టలేదు. చార్జర్ నేరుగా గుచ్చితే మామూలే. మన ఖమ్మం తమ్ముడు ఎస్‌ఎస్‌డీ కొన్నాడు, నేను రౌటర్ కొన్నాను, ఇద్దరం ఒకటే.

వోల్టేజీ_వీరుడు
అండర్‌వోల్ట్ చేస్తే, అంటే ప్రాసెసర్‌కు వోల్టేజీ కాస్త తగ్గిస్తే, ఇవన్నీ ఉండవు కదా?

కెర్నల్_కాఫీ
సంబంధం లేదు. అండర్‌వోల్ట్ వేడికి మందు, ఇక్కడ వేడే లేదు. పైగా 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక వచ్చిన బయోస్ అప్‌డేట్లతో చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ దారి మూసేశారు.

ఫ్లెక్సీ_ఖమ్మం
అప్‌డేట్. లిమిట్స్‌లో బీడీ ప్రోక్‌హాట్ ఎర్రగానే ఉంది. పాచ్ అన్న చెప్పినట్టు ఒక్క రాత్రికి టిక్ తీసి అర్జెంటు ఫ్లెక్సీలు రెండు లాగించాను. బాబాయ్ తిట్టకు. చార్జర్ మీద చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టెలా ఉంది, భయమేసి మళ్లీ టిక్ పెట్టేశాను. మా బావ సికింద్రాబాద్‌లో ఉంటాడు, అక్కడి కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కంపెనీ చార్జరే 65 వాట్లది తీసుకుని బస్సులో పంపాడు.

కానీ గుచ్చితే మళ్లీ అదే మెసేజ్, అదే 0.39. ఇప్పుడు చెప్పండి, బోర్డేనా?

సోల్డరింగ్_బాబాయ్
తిట్టను, పని ఆగితే పొయ్యి ఆగుతుంది, నాకు తెలుసు. బోర్డు అప్పుడే అనకు. మొబైల్ టార్చ్ వేసి ల్యాప్‌టాప్ పక్కనున్న చార్జింగ్ రంధ్రంలోకి చూడు. సూది వెళ్లే చోటు మధ్యలో ఉందా, పక్కకు ఒరిగిందా? లావు పిన్నున్న డూప్లికేట్లు లోపలి రేకును నొక్కేస్తాయి.

ఫ్లెక్సీ_ఖమ్మం
ఒక పక్కకు ఒరిగి ఉంది. కొంచెం నల్లగా కూడా ఉంది.

సోల్డరింగ్_బాబాయ్
అయితే పోయింది ఆ చార్జింగ్ రంధ్రమే, దాన్నే డీసీ జాక్ అంటారు. చాలా మోడళ్లలో దాన్ని బోర్డుకు అతికించరు. చిన్న వైరుతో వచ్చే విడి ముక్క, స్క్రూ విప్పి మార్చేదే. నీ మోడల్ నంబరు చెప్పి అడుగు. విప్పాక ముందు బ్యాటరీ కనెక్టర్ తీయమను, తర్వాతే జాక్ ముట్టుకోమను.

ఫ్లెక్సీ_ఖమ్మం
అయింది! జాక్ 350, మార్చినందుకు 200. పన్నెండు వేలన్న షాపు కాదు, వేరే చోట. మెసేజ్ పోయింది, బ్యాటరీ ఎక్కుతోంది, చార్జర్ మీదే 3.2 చూపిస్తోంది. కాకపోతే పెద్ద ఫైల్ సేవ్ చేసేటప్పుడు అరనిమిషం తర్వాత 2.2కు దిగుతోంది. ఇంకేమైనా మిగిలిందా?

కెర్నల్_కాఫీ
ఏమీ మిగల్లేదు. ఇందాక బాబాయ్ చెప్పిన పీఎల్1 అదే. 8250యు 15 వాట్ల చిప్. కాసేపు పీఎల్2 అనే పై హద్దు దాకా పరుగెత్తి, సాధారణంగా 28 సెకన్లకు 15 వాట్లకు తిరిగొస్తుంది. కొన్న రోజు కూడా ఇలాగే చేసి ఉంటుంది, మీరు చూసి ఉండరు.

మూడో_బెంచీ
పాత పోస్టులో దూరినందుకు సారీ. నాది కదలకుండా 0.79. చార్జర్ కంపెనీదే, మెసేజ్ ఏమీ లేదు, జాక్ కూడా చూశాను. బ్యాటరీ ఉబ్బిందని పోయిన నెల తీయించేసి, చార్జర్ మీదే నడుపుతున్నాను. బ్యాటరీ లేనందుకు ఇలా చేస్తుందా?

సోల్డరింగ్_బాబాయ్
చేయొచ్చు. లోడ్ ఒక్కసారిగా ఎగిసినప్పుడు చార్జర్ ఇవ్వలేనిది బ్యాటరీ ఇస్తుంది. అది లేకపోతే స్పీడు కట్టేసే మోడళ్లున్నాయి. ఉబ్బినదాన్ని తీసి మంచి పని చేశావు. తెలిసినవాళ్ల దగ్గర అదే మోడల్ బ్యాటరీ దొరికితే పది నిమిషాలు పెట్టి చూసి చెప్పు.