హన్మకొండ ల్యాబ్‌కు చిన్న ఎన్ఎంఆర్ సరిపోతుందా, హైదరాబాద్ బస్సే దిక్కా?

పరిశోధక విద్యార్థి, హన్మకొండ:
మా డిపార్ట్‌మెంట్‌లో ఎన్ఎంఆర్ (శాంపిల్‌ను అయస్కాంతంలో పెట్టి అణువు నిర్మాణం చూసే మిషన్) కొనే మాట నడుస్తోంది. 400 మెగాహెర్ట్జ్‌ది కొనే స్తోమత లేదు (ఆ అంకె ఎంత పెద్దదైతే అయస్కాంతం అంత బలం, పీకులు అంత విడివిడిగా కనబడతాయి). టేబుల్ మీద పెట్టుకునే 80ది కొందామని కొందరు, అది బొమ్మ, ఎప్పట్లాగే శాంపిళ్ళు సిటీకి పంపుదామని కొందరు. నేను కొనమనే వైపు.

పోయిన నెల కాలమ్ చేసి (అంటే కాంపౌండ్‌ను శుద్ధి చేసి), వయల్‌కు పారాఫిల్మ్ చుట్టి, బస్సులో ఒక సెంటర్‌కు పంపాను. మూడు వారాలకు స్పెక్ట్రం వచ్చింది. తెరిస్తే పీపీఎం స్కేలు మీద 1.26 దగ్గర ట్రిప్లెట్ (మూడుగా చీలిన పీకు), 2.05 దగ్గర సింగ్లెట్ (ఒంటి పీకు), 4.12 దగ్గర క్వార్టెట్ (నాలుగుగా చీలింది). అది నా కాంపౌండ్ కాదు, ఇథైల్ అసిటేట్ అనే సాల్వెంట్! సరిగ్గా ఆరబెట్టలేదు, తప్పు నాదే. కానీ అది తెలియడానికి మూడు వారాలా? పక్క గదిలో మిషన్ ఉంటే ఐదు నిమిషాల్లో చూసి మళ్ళీ వాక్యూమ్‌కు పెట్టేవాణ్ణి.

క్యూసీ (నాణ్యత తనిఖీ) ఉద్యోగి, ఊరు వరంగలే:
తమ్ముడూ, సాల్వెంట్ చూసుకోడానికి లక్షలు పోస్తారా? 2008 నాటి హెపారిన్ గొడవ చదివే ఉంటావు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు అది. కల్తీ సరుకు అప్పటి మామూలు టెస్టులన్నీ పాసైంది, ఎన్ఎంఆర్‌లో దొరికిపోయింది. హెపారిన్ అసిటైల్ పీకు 2.04 దగ్గర, కల్తీది 2.15 దగ్గర. స్కేలు మీద ఒక పీపీఎం అంటే 500 మిషన్‌లో 500 హెర్ట్జ్, 80లో 80. కాబట్టి ఆ తేడా 500 మిషన్‌లో 55 హెర్ట్జ్, మీ 80లో 9 కూడా లేదు. పీకులే లావుగా వచ్చే పదార్థం, ఆ సందులో ఏం కనబడుతుంది?

రిటైర్డ్ లెక్చరర్, జనగామ:
కొనండి, కానీ ప్రపోజల్‌లో 'ఔషధ ఆవిష్కరణ' అని రాయకండి. బ్లడ్ క్యాన్సర్ మందు వెనెటోక్లాక్స్‌కు దారి వేసింది ఎన్ఎంఆరే, నిజమే. అబాట్ అనే మందుల కంపెనీలో శాస్త్రవేత్త ఫెసిక్ బృందం 1996లో చెప్పిన పద్ధతి: చిన్న అణువులు కలిపినప్పుడు ప్రోటీన్ పీకుల్లో ఏవి పక్కకు జరిగాయో చూసి, పక్కపక్కన అతుక్కున్న రెండింటిని ఒకటిగా కలపడం. ఆ మందుకు అనుమతి 2016లో వచ్చింది. అందుకు నైట్రోజన్-15 (ఎన్ఎంఆర్‌లో కనబడే నైట్రోజన్ రకం) పట్టించిన ప్రోటీన్ కావాలి, పెద్ద అయస్కాంతం కావాలి. 80తో ప్రోటీన్ చూడటమంటే పొగమంచులో భద్రకాళి చెరువు అవతలి ఒడ్డు వెతకడమే.

ఇంకోటి, దాంట్లో ఉండేది శాశ్వత అయస్కాంతం. పెద్ద మిషన్లలా అయస్కాంతాన్ని చల్లబరిచే హీలియం ఖర్చు లేదు గానీ ఉష్ణోగ్రత మారితే ఊరుకోదు. మే నెలలో ఏసీ ఆగితే ఎవరు చూస్తారు?

నిజామాబాద్ రైతుబిడ్డ:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. పసుపులో లెడ్ క్రోమేట్ అనే రంగు కలిపితే ఈ మిషన్ పట్టుకుంటుందా?

పరిశోధక విద్యార్థి, హన్మకొండ:
పట్టుకోదన్నా. మామూలుగా మేం చూసేది హైడ్రోజన్‌ను, దాంట్లో హైడ్రోజనే లేదు. పసుపులో ఉండే కర్క్యుమిన్ అయితే చూడొచ్చు.

సార్, ఆ మాట తీసేయమని మా గైడ్‌కు చెప్తాను. క్యూసీ అన్నా, తుది స్పెక్ట్రం సిటీలోనే తీయిద్దాం, కాదనను. పంపేముందు చూసుకోడానికే ఇది. నా శాంపిల్ రాత్రంతా వాక్యూమ్ పంపు మీదే ఉంది, పొద్దున బస్సుకు వేస్తున్నా.