అప్‌డేట్: పెదవి మీద పదే పదే వచ్చే పొక్కులు

పెదవి చివర ఒకే చోట రెండు నెలలకోసారి నీటి పొక్కులు లేస్తున్నాయని, క్రీమ్ రాసినా తగ్గడానికి పది రోజులు పడుతోందని ఇంతకుముందు అడిగాను. చర్మ డాక్టర్‌ని కలవమన్నారు, కలిశాను.

ఇది వేడి చేసి రావడం కాదట, హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. ఒకసారి ఒంట్లోకి వచ్చాక ముఖం నరాల మూలంలో దాక్కుని ఉంటుంది. జ్వరం, ఎండ, నిద్రలేమి, టెన్షన్ లాంటివి దాన్ని లేపుతాయి. అందుకే మళ్లీ అదే చోట.

నా తప్పు ఎక్కడంటే, పొక్కు కనిపించాకే క్రీమ్ రాసేదాన్ని. అసలు మందు పడాల్సింది అంతకు ముందు, చిమచిమ మొదలైనప్పుడే. పోయిన నెల రాత్రి పడుకోబోతుంటే పెదవి మూల సన్నగా బిగిసినట్టు, చీమ పాకినట్టు అనిపించింది. వెంటనే డాక్టర్ రాసిచ్చిన వాలాసైక్లోవిర్ (ఈ వైరస్‌ని అణిచే మాత్ర) 2 గ్రాములు, 12 గంటల తర్వాత మళ్లీ 2 గ్రాములు వేసుకున్నాను. అంతే కోర్సు. ఒక చిన్న పొక్కు లేచి నాలుగో రోజుకి చెక్కు కట్టింది. ఎంత ఊరటో! కిడ్నీ సమస్య ఉంటే డోసు మారుతుంది, కాబట్టి అడగకుండా వాడొద్దు.

ఎండలోకి వెళ్తే ఎస్‌పీఎఫ్ 30 లిప్ బామ్ తప్పనిసరి చేసుకున్నాను. ఇంకా తరచుగా వస్తే రోజూ వేసుకునే చిన్న డోసు గురించి ఆలోచిద్దామన్నారు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను: పొక్కు ఉన్నప్పుడు పసిపిల్లల్ని ముద్దుపెట్టుకోకండి, నెలలోపు పిల్లలకు ఇది ప్రాణాంతకం కావచ్చు. పొక్కు ముట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకోవద్దు. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.